దురాయి లేని కొండ

ఏప్రిల్ 23

పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ రికార్డు రాయడానికి కొన్న పుస్తకం ఇది. కుడి పేజీకి గీతలు, ఎడమ పేజీ బొమ్మలకని తెల్లగా. చదువు రెండో ఏడులో ఆగిపోయింది, పుస్తకం మిగిలింది. ఇవాళ్టి నుంచి దీనితోనే మాట్లాడాలి. ఊళ్ళో ఇంకెవరూ నాతో మాట్లాడరు కాబట్టి.

దురాయి వేసినారు. మా ఇంటి మీద. నిన్న పోలేరమ్మ గుడి ముందర అరుగు మీద మా కులపెద్ద, పెద్దకాపు చిన్నబాబు లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకోని, వాన కబురు చెప్పినంత తేలిగ్గా చెప్పేసినాడు. "ముత్యాలయ్య ఇంటితో ఎవరూ మాట్లాడగూడదు. నిప్పు లేదు, నీళ్ళు లేవు, వల సాయం లేదు. వాళ్ళ పడవ ఎవరూ ఎక్కగూడదు, వాళ్ళని ఎవరూ ఎక్కించుకోగూడదు. పిల్లోడు వచ్చి అందరి ముందర పడి తప్పయిందనే దాకా."

ఇదా ప్రజాస్వామ్యం? శ్రీహరికోట నుంచి రాకెట్లు లేస్తే కనిపించే ఊళ్ళో ఒక కుటుంబానికి నిప్పూ నీళ్ళూ ఆపుతారా? నా దగ్గరున్న కరపత్రాలు మొత్తం వెతికినాను. దీన్ని ఏమనాలో వాటిల్లో చాలా మాటలు దొరికినాయి. ఏం చెయ్యాలో మాత్రం దొరకలేదు.

నేను చేసిన నేరం అర్జీ రాయడం. మాలకొండమ్మ అత్త ఊరు ఒప్పుకున్న వ్యాపారికి కాకుండా చేపలు నెల్లూరు తీసుకుపోయి అమ్ముకున్నదని మార్చిలో ఆమె మీద దురాయి వేసినారు. మొగుడు లేని మనిషి మీద! నేను సోమవారం కలెక్టరేటుకు పోయి అర్జీ ఇచ్చినాను. పద్నాలుగు సంతకాలతో. జీపులో అధికారులు వచ్చినారు, వెనకాల పోలీసులు వచ్చినారు. ఊరి గొడవ ఊరు దాటించినానని పెద్దలకు మంట.

అది సరే. వాళ్ళ నుంచి ఇంకేం ఆశిస్తాం. కానీ పోలేరయ్య! అయిదో క్లాసు నుంచి ఒకే బెంచీ. నిన్న అర్జీలో పేర్లు వరసగా చదువుతుంటే, తన వంతు రాగానే వాడు లేచి, "అది నా సంతకం కాదు" అన్నాడు. నా వైపు చూడకుండా.

పెద్దకాపు నన్నడిగినాడు. "వాడిదే" అన్నాను.

గుడిలోంచి కర్పూరం తెచ్చినారు. వాడు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టేసినాడు. నన్నూ వెయ్యమన్నారు. మూఢనమ్మకాలకు నేను లొంగనని చెప్పినాను. గట్టిగానే చెప్పినాను.

ఏప్రిల్ 24

పిరికివాడు.

ఏప్రిల్ 27

అమ్మ బిందె తీసుకోని కుళాయి దగ్గరికి పోతే ఆడవాళ్ళు అటూ ఇటూ జరిగి మధ్యలో దారి ఇస్తున్నారంట. "పెళ్ళికూతురికి ఇచ్చినట్టు ఇస్తున్నారురా. నా పెళ్ళప్పుడు కూడా ఇంత మర్యాద జరగలేదు" అని నవ్వింది. నవ్వి, పొయ్యి దగ్గర చాలాసేపు అటు తిరిగి కూర్చుంది.

పొద్దున మాలకొండమ్మ అత్త ఎదురయింది. దురాయి కదా, నాతో మాట్లాడగూడదు. ఆమె మా ఇంటి ముందర ఆగి, నెత్తి మీది తట్ట దించి, తట్టతో మాట్లాడింది.

"ఏమే తట్టా, నిన్నెవరే అర్జీ రాయమనింది? నేను అడిగినానా? నాలుగు రోజులు ఓపిక పడితే పెద్దకాపు పెళ్ళామే వచ్చి సర్దిపెట్టేది. జీపులు పిలిపించినావు. నేను పోయి అందరి కాళ్ళ మీదా పడి దురాయి ఎత్తించుకున్నా. ఇప్పుడు నలుగురిలో నా మొహం ఎట్ట పెట్టుకోవాలో నువ్వే చెప్పు."

"అత్తా, అది నీ హక్కు" అన్నాను.

"ఈ తట్టకి హక్కులంట" అని తట్టకే చెప్పి, ఎత్తుకోని పోయింది.

ఎవరి కోసం పోరాడినానో వాళ్ళే నన్ను తిడుతుంటే చరిత్రలో దీన్ని ఏమంటారు? ఎక్కడో చదివినాను. గుర్తు రావడం లేదు.

ఏప్రిల్ 30

మైపాడు రోడ్డు మీద ఫ్రెడ్డీ అన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. పరీక్ష ఫారాలు, ఆధార్ మార్పులు, బాప్తిస్మం ఫోటోలు. అన్నది మా ఊరు కాదు, మా కులం కాదు. "మీ దురాయి మా సంఘానికి రాదులే తమ్ముడూ. మాకు మా పాస్టరు గారొక్కరు చాలు" అని కుర్చీ జరిపినాడు. ఈ వారంలో ఇంటి బయట నాకు దొరికిన మొదటి మాట అది. కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. దుమ్ము.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా సెంటర్‌కి ఎవరూ రారు. ఆ టైంలో అన్న నాకు మళ్ళీ ఆట తెరిచినాడు. పదో క్లాసులో ఉన్నప్పుడు నేనూ పోలేరయ్యా ఇక్కడే ఆడేవాళ్ళం. ఓడ నడుపుకుంటూ నక్షత్రాల మధ్య తిరగడం, నచ్చిన గ్రహం మీద దిగడం. ఎన్ని గ్రహాలంటే, పుట్టిన దగ్గర్నుంచి ఆడినా ఒక మూల కూడా తరగదు. చాలామంది యుద్ధాలు చేస్తారు. కొంతమంది మాత్రం కొండలెక్కుతారు. దేశదేశాల వాళ్ళు ఒక జట్టుగా ఏర్పడి, ఎత్తయిన కొండలకు జాబితా పెట్టుకున్నారు. ముందుగా శిఖరానికి చేరినవాళ్ళ పేరు ఆ కొండ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. తర్వాత ఎవరొచ్చినా ఆ పేరే చూస్తారు.

జాబితాలో ఒక కొండ ఉంది. లారీ నంబరంత పొడుగు పేరున్న గ్రహం మీద. ముప్పయ్యొక్క వేల మీటర్లు. ఇంకా ఎవరూ ఎక్కలేదు. అక్కడ మన బరువు రెట్టింపు, ఓడ వాలు మీద నిలవదు, నాలుగు చక్రాల బండి సగం దూరం పోయి పల్టీ కొడుతుంది. మిగతాదంతా నడకే. ఆక్సిజన్ అయిపోయినా, జారినా, మళ్ళీ ఓడ దగ్గర లేస్తాం. మొదటి నుంచి మొదలు.

నా పేరు పెంచలకోన స్వామిది. చిన్నప్పుడు గుండు చేయించడానికి తీసుకుపోయినారు. నేను చూసిన కొండ అదొక్కటే. మా ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయినది నీళ్ళ ట్యాంకు.

ఎక్కుతాను. అక్కడ పెద్దకాపు లేడు, దురాయి లేదు.

మే 3

పడినాను. పదకొండు వేల దగ్గర.

మే 4

మళ్ళీ అక్కడే. ఆ వాలులో పైనుంచి రాళ్ళు దొర్లుతాయి. ఎంత జోరుగా పరిగెత్తినా మధ్యలో తగులుతాయి. ఫ్రెడ్డీ అన్న వెనక నిలబడి చూసి, "తమ్ముడూ, నువ్వు ఆ కొండనెక్కడం లేదు, దానితో కొట్లాడుతుండావు" అన్నాడు. ఆయన సెంటర్ కాకపోతే కీబోర్డు నేలకేసి కొట్టేవాణ్ణి.

మే 7

నాయన ఒక్కడే వల బాగు చేసుకుంటున్నాడు. వేట నిషేధం రోజుల్లో ప్రతి ఏడూ నలుగురు కలిసి చేసే పని. నేను పోయి అటు కొస పట్టుకున్నాను.

"రోజూ యాడికి పోతుండావు?"

చెప్పినాను. కొండ సంగతి మొత్తం.

"దాని మీదికెక్కితే ఏం కనిపిస్తుంది?"

"కిందిదంతా కనిపిస్తుంది నాయనా."

"కింద ఏముంది?"

"ఏం లేదు. రాళ్ళే."

నాయన ఇంకో ముడి బిగించినాడు. "మంచిది. మనకిక్కడ కింద మనుషులుండారు. అదే చిక్కు."

తర్వాత అసలు సంగతికి వచ్చినాడు. "పోలేరయ్యని ఎవరూ పడవ ఎక్కించుకోరంట. ఒట్టు మీదున్న మనిషి. వాడు కాదంటాడు, నువ్వు అవునంటావు. ఎవడిది అబద్ధమో తేలేదాకా వాడు ఒడ్డునే ఉండాలి. వాళ్ళ సొంత పడవ కూడా ఎక్కగూడదు. వాళ్ళ నాయనకు చూపు ఆనదు. వీడు పడవ ముక్కున నిలబడి అల చెప్పకపోతే ఆ పడవ అల దాటదు. జూన్ పదిహేనున వేట తెరుస్తారు."

"వాడు నిజం ఒప్పుకుంటే సరిపోతుంది కదా" అన్నాను.

నాయన దారం కొరికినాడు. "నువ్వు చూస్తుండగానే పెట్టినాడా సంతకం?"

"నేను చూస్తుండగానే."

అబద్ధం చెప్పలేదు. నేను చూస్తుండగానే పడింది ఆ సంతకం.

మే 8

పెన్ను నా చేతిలో ఉన్నది. అంతే తేడా.

మే 9

నిన్న రాసినదాన్ని సరిగా రాయాలి. అర్జీకి పదమూడు సంతకాలు వచ్చినాయి. పోలేరయ్య ఆ రోజు జువ్వలదిన్నె పోయినాడు, ఇంజను సామాను కోసం. కలెక్టరేటులో అర్జీలు తీసుకునేది సోమవారాలే, అది తప్పితే మళ్ళీ వారం దాకా ఆగాలి. వాడు ఉంటే పెట్టేవాడే. నాకు తెలుసు వాడు పెట్టేవాడని. మనసులో ఒప్పుకున్న మనిషి చేతిని ఒక్క రోజు ముందు వాడుకున్నానంతే. ఒక సామూహిక పోరాటంలో ఇలాంటి సాంకేతిక విషయాలు...

కొట్టేసినాను. మళ్ళీ చదివితే పెద్దకాపు మాట్లాడినట్టుంది.

మే 12

కొండ మీద ఇంకొకడు ఉన్నాడు.

రాళ్ళ వాలు దగ్గరికి చేరేసరికి ముందే నిలబడి ఉన్నాడు. నెత్తి మీద పేరు లేదు, "కొత్త ఆటగాడు 7" అని మాత్రం ఉంది. జాబితా వాళ్ళలో ఎవరో అనుకున్నాను. నేను మామూలుగానే పరిగెత్తబోతే చేతిలో టార్చి ఒక్కసారి వెలిగించి ఆర్పినాడు.

ఆగినాను. ఎందుకాగినానో తెలీదు.

రాళ్ళు దొర్లినాయి. ఒక విడత, రెండో విడత, మూడోది పెద్దది. అది పోగానే ఒక్క నిమిషం వాలంతా ఖాళీ. అప్పుడు టార్చి రెండుసార్లు వెలిగింది. వాడు పరుగెత్తినాడు. నిట్టనిలువుగా కాదు, ఏటవాలుగా, రాళ్ళు వచ్చే వైపుకే ముక్కు పెట్టి. వెనకాలే నేను. దాటేసినాం!

పదకొండు వేలు, పన్నెండు వేలు, పద్నాలుగు వేలు. ఫ్రెడ్డీ అన్న మూడింటికి షట్టరు ఎత్తేదాకా నడిచినాం. ఒక్క మాట లేదు.

మే 13

పొద్దుటి నుంచి అదే ఆలోచన. అది మా ఊరి పడవల పద్ధతి: మూడు పెద్ద అలలు పోనిచ్చి, నాలుగోది లేచేలోగా ఏటవాలుగా పడవ దూకించాలి. అమెరికా వాడికి ఎవరు నేర్పినారు? సముద్రంలో పడవకీ పడవకీ టార్చి ఒక్కసారంటే ఆగు, రెండుసార్లంటే రా. జపాన్ వాడికి ఎవరు చెప్పినారు?

సెంటర్‌లో రెండు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ చెక్క. అటువైపుకి వెనక సందులోంచి వాకిలి. ఇవాళ ఆట మొదలుపెట్టే ముందు బయటికి పోయి సందులోకి చూసినాను. వాకిలి దగ్గర చెప్పులు. ఎడమ చెప్పు పట్టీ తెగితే వల దారంతో కుట్టినది. ఆ కుట్టు నాకు తెలుసు.

"అన్నా, అటుపక్క ఎవరు?"

ఫ్రెడ్డీ అన్న ఫారం నింపుతున్నట్టు నటించినాడు. "కస్టమరు."

"ఏం పని మీద?"

"కొండ పని మీద. నన్నడగబాకు. మీరిద్దరూ మాట్లాడుకుంటే తప్పంట. మాట్లాడుకోకుండా నన్నే అటూ ఇటూ అడుగుతుండారు. వాడు ఎన్నో వేల దగ్గరుండాడు అన్నా అని రెండు వారాల నుంచి వాడు. అటుపక్క ఎవరు అన్నా అని ఇవాళ నువ్వు. నేను కూడా మనిషినే."

చెక్క అవతల కుర్చీ కిర్రుమన్నది. వాడు వింటున్నాడు. నాకు చెక్కను ఒక్క తన్ను తన్నాలనిపించింది. వాడిని కొట్టడానికో, వాడి పక్కన కూర్చోడానికో తెలీలేదు.

కూర్చోని ఆట తెరిచినాను. టార్చి రెండుసార్లు వెలిగింది. పోయినాను.

మే 16

దురాయి ఇంకో గ్రహం మీద చెల్లుతుందా?

పెద్దకాపు చెప్పింది: మాట్లాడగూడదు, నిప్పు నీళ్ళు ఇవ్వగూడదు, పడవ ఎక్కించుకోగూడదు. పక్కన నడవగూడదు అనలేదు. టార్చి అనలేదు. నిన్న నాకు ఆక్సిజన్ అయిపోతుంటే వాడు తన డబ్బా ఒకటి రాయి మీద పెట్టి నాలుగడుగులు అవతలికి పోయినాడు. చేతికివ్వలేదు. పెట్టినాడు, నేను తీసుకున్నాను. ఆక్సిజన్ నిప్పా, నీళ్ళా?

వాడు ఇంత జాగ్రత్తగా దురాయి పాటిస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతున్నది. ఇంత జాగ్రత్తగా దాన్ని తప్పించుకుంటుంటే ఇంకా మండుతున్నది. వాడు భయస్తుడా, ధైర్యవంతుడా? ఏదో ఒకటి తేల్చుకోవచ్చు కదా.

ఇంకో సంగతి. నేను అబద్ధం చెప్పినట్టు వాడికి తెలుసు. ఊళ్ళో అందరికన్నా వాడికే తెలుసు. అయినా డబ్బా పెట్టినాడు.

మే 17

ఎందుకు పెట్టినాడు?

మే 25

ఇరవై మూడు వేలు. ఎడమ పేజీలో కొండ బొమ్మ గీసినాను, మేం ఆగిన చోట్లన్నిటికీ గుర్తులు పెట్టి. గీస్తుంటే ఒకటి తట్టింది. ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలవాలని మాకు సర్వేయింగ్‌లో మొదటి రోజే చెప్పినారు. ఆ గ్రహం మీద సముద్రమే లేదు. మరి ఈ ముప్పయ్యొక్క వేలు దేన్నుంచి? నాయన్నడిగినాను.

"సముద్రం లేని చోట నువ్వు నిలబడిందే మట్టం" అన్నాడు. "నువ్వు యాడ నిలబడినావో నీకు తెలిస్తే."

మామూలుగానే అన్నాడో, నన్నే అన్నాడో. ఆయన మొహంలో ఏదీ తెలీదు.

జూన్ 2

ఫ్రెడ్డీ అన్న రెండు కబుర్లు చెప్పినాడు. మొదటిది: జాబితా వాళ్ళలో ఒకడు మా కొండ కింద ఓడ దించినాడు. వారం, పది రోజుల్లో పైకి చేరగలడు. రెండోది అన్న కళ్ళు దించుకోని చెప్పినాడు. పోలేరయ్య వాళ్ళ పడవకి ముక్కున నిలబడడానికి విడవలూరు వైపు నుంచి ఎవరినో మాట్లాడుతున్నారంట. వాడి నాయన ఒప్పుకున్నాడంట. ఈ సీజనంతా.

"ఒక సీజను పోతే ఏముందిలే" అన్నాను.

"వాడు చదువు మానేసి ఆ చోటు కోసమే గదా నిలబడింది. ఒకసారి పోతే మళ్ళీ ఇస్తారా?" అన్నాడు అన్న.

చెక్క అవతల ఏ చప్పుడూ లేదు. ఇవాళ చెప్పులు లేవు.

జూన్ 3

పోయి చెప్పేస్తే? చెప్పేస్తే అర్జీ మొత్తం దొంగదని అంటారు. పదమూడు నిజమైన సంతకాలు ఒక్క అబద్ధంతో కొట్టుకుపోతాయి. మాలకొండమ్మ అత్త విషయంలో వాళ్ళు చేసింది రైటయిపోతుంది. నా ఒక్కడి పరువు కాదు ఇది, న్యాయం పరువు.

ఈ ముక్క మూడుసార్లు చదివినాను. మొదటిసారి బాగుంది. మూడోసారి మాలకొండమ్మ అత్త తట్టతో చదివించాలనిపించింది.

జూన్ 9

ఎక్కినాం.

వివరంగా రాయాలి, లేకపోతే నిజం కాదేమో అనిపిస్తుంది. ఒంటిగంటన్నరకి ఇరవై తొమ్మిది వేల దగ్గర మొదలుపెట్టినాం. కింద ఆ జాబితా మనిషి లైటు మిణుగురులా కనిపిస్తున్నది, చాలా దిగువన. చివరి గట్టు ఇరుకు, ఒక్కడు పట్టేంత. వాడు ముందుండేవాడు ఎప్పుడూ. అక్కడ పక్కకి జరిగి టార్చి రెండుసార్లు వేసినాడు. నువ్వు పో అని.

పోయినాను. గట్టు అయిపోయింది. ఇంకా పైకి ఏమీ లేదు. చిన్న సూర్యుడు, నల్లటి ఆకాశం. కింద నేను నాయనకు చెప్పినట్టే. ఏం లేదు. ఏడుపొచ్చింది, గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే చెక్క అవతల వినిపిస్తుంది, వినిపిస్తే మాట్లాడినట్టు. నోరు మూసుకున్నాను.

తెర మీద ఒక పెట్టె తెరుచుకున్నది. ఈ శిఖరాన్ని మొదట చేరినవారి పేర్లు రాయండి. రెండు గళ్ళు. కొట్టే ప్రతి అక్షరం పక్కనున్నవాడి తెర మీద కూడా కనిపిస్తుంది.

మొదటి గడిలో నా పేరు కొట్టినాను. రెండో గడిలోకి పోయినాను. "పో" అని పడింది. నేను ఆలోచించలేదు. వేలు దానంతటదే పోయింది, అర్జీలో పోయినట్టే. వాడు ఉంటే పెట్టేవాడే అనుకుంటూ.

అప్పుడు చూసినాను. వాడు శిఖరం మీదికి రాలేదు. రెండడుగుల కింద నిలబడినాడు. టార్చి ఒక్కసారి వెలిగింది.

ఒక్కసారంటే ఆగు.

మళ్ళీ ఒక్కసారి.

అక్షరం చెరిపేసినాను. నా పేరు కూడా చెరిపేసినాను. పెట్టె కింద "తర్వాత" అని ఉంటే అది నొక్కినాను. ఫ్రెడ్డీ అన్న వెనక నుంచి "ఏందబ్బయా! ఆ కింద వాడు వచ్చి రాసేసుకుంటాడు!" అని తల పట్టుకున్నాడు.

బయటికి వచ్చి సందు మొగలో నిలబడినాను. వాడు ఆ వైపు నుంచే వెళ్ళాలి. చెప్పులేసుకోని వచ్చినాడు, నన్ను చూసినాడు, దాటిపోయినాడు. అరచేతిలో కర్పూరం కాలిన మచ్చ ఇంకా ఉంది. తెల్లగా, పావలా అంత.

జూన్ 10

పావలా కాదు. అంతకన్నా పెద్దది.

జూన్ 13

వేట తెరిచే ముందు జరిగే కూటం ఇవాళ. పిలవకుండానే పోయినాను. మాట్లాడాల్సింది రెండు పేజీలు రాసుకోని జేబులో పెట్టుకున్నాను. అరుగు ముందర నిలబడగానే ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు. కాగితం తియ్యడానికి సిగ్గేసింది.

"పద్నాలుగో సంతకం నాది" అన్నాను. "పోలేరయ్య పెట్టలేదు. వాడు ఆ రోజు ఊళ్ళో లేడు. వాడిని అడక్కుండా వాడి పేరు నేనే రాసినాను. ఆ రోజు ఇక్కడ అడిగినప్పుడు అబద్ధం చెప్పినాను. వాడి ఒట్టు నిజం."

పోలేరయ్య వెనక వరసలో తలొంచుకోని ఉన్నాడు. వాడి నాయన మాత్రం ఆ సరిగా ఆనని కళ్ళతో నా గొంతు వచ్చిన వైపుకి చూస్తున్నాడు.

చిన్నబాబు తువ్వాలు ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చినాడు. "అయితే పడి తప్పయిందను. అంతటితో అయిపోతుంది."

"పోలేరయ్యకు తప్పయింది" అన్నాను. వాడి వైపు తిరిగి నేల మీద పడినాను. ఇసక నోట్లోకి పోయింది. లేచినాను. "అర్జీ రాసినందుకు మాత్రం తప్పనను. ఒక ఆడమనిషి తన చేపలు తనకు నచ్చిన చోట అమ్ముకుంటే దురాయి వెయ్యడం అన్యాయం. ఇవాళ అడిగినా మళ్ళీ రాస్తాను. పదమూడు సంతకాలతోనే రాస్తాను."

"ఒరే, నీ నాలిక తెగ!" అని ఎవరో అన్నారు. అందరూ ఒక్కసారి లేచినారు. నాయన మాత్రం కూర్చునే ఉన్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి మాలకొండమ్మ అత్త గొంతు వచ్చింది, తట్టతో. "ఏమే తట్టా, వీడికి బుద్ధి సగమే వచ్చింది చూడు. పోనీలే, ఆ సగం ఉండనీ."

కొంతమంది నవ్వినారు. పెద్దకాపు నవ్వలేదు, కానీ కూర్చున్నాడు. చాలాసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. చివరికి తేల్చింది: పోలేరయ్య ఒట్టు నిలిచింది, వాడి చోటు వాడిది. ముత్యాలయ్య ఇంటి మీద దురాయి ఎత్తేస్తున్నాం. పెంచల్ ఒక్కడి మీద ఉంటుంది.

"ఎప్పటి దాకా?" అని అడిగినాను.

ఎవరూ జవాబు చెప్పలేదు. దురాయి కదా.

నేను గెలిచినానా, ఓడినానా? ఇంటికొచ్చి కరపత్రాలు తిరగేసినాను. ఇట్టాంటి దానికి వాటిల్లో పేరు లేదు.

జూన్ 14

ఫ్రెడ్డీ అన్న దగ్గర పాత పరీక్ష ఫారం అడిగి తీసుకోని, వెనకవైపు రాసినాను:

"కొండ మీద నీ పేరు రాయమంటావా? అవును / కాదు. సంతకం."

పోలేరయ్య వస్తే ఇమ్మని చెప్పినాను. "దురాయిలో రాతకోతలున్నాయా?" అని అన్న అనుమానంగా అడిగినాడు. లేవని చెప్పినాను. ఉన్నాయేమో నాకు నిజంగా తెలీదు.

జూన్ 15

తెల్లారగానే పడవలు పోయినాయి. నాయన పడవలో ఇద్దరు ఎక్కినారు, నన్ను ఎక్కించుకోలేదు. ఒడ్డున నిలబడి చూసినాను. పోలేరయ్య వాళ్ళ పడవ ముక్కున నిలబడినాడు. మూడు పెద్దవి పోనిచ్చినాడు. చెయ్యి ఊపినాడు, వాళ్ళ నాయన ఇంజను పెంచినాడు, ఏటవాలుగా దూకింది, దాటింది. వెనక్కి చూడలేదు. అల దాటేటప్పుడు ఎవరూ వెనక్కి చూడరు. చూడగూడదు. నాకు తెలుసు.

జూన్ 16

జాబితా మనిషి ఇరవై ఏడు వేల దగ్గరున్నాడంట. నేను ఆట తెరవలేదు.

జూన్ 17

ఫారం తిరిగొచ్చింది. చేపల వాసన, మూలన నూనె మరక.

అవునూ కొట్టలేదు, కాదూ కొట్టలేదు. రెండిటి కింద రాసినాడు:

"నేను పైదాకా ఎక్కలేదు గదా. రెండడుగులు మిగిలింది. ఎక్కని దానికి పేరెట్ట రాస్తారు. ఆదివారం వేట లేదు, ఒంటిగంటకి వస్తా. ఎక్కినాక నేనే రాసుకుంటా. ఆలోగా ఇంకెవడన్నా ఎక్కితే ఎక్కనీ."

దాని కింద సంతకం. మొదటి అక్షరం పెద్దగా, తర్వాతివన్నీ ఒకదాన్నొకటి లాక్కుపోయినట్టు, చివర్న గీత కిందికి పోయి గాలంలా పైకి తిరిగింది.

అర్జీలో నేను పెట్టినది నాకు ఇంకా గుర్తుంది. గుండ్రంగా, విడివిడిగా, నా చేతిరాతలాగే పెట్టినాను. దీనికీ దానికీ ఎక్కడా పోలికే లేదు. అయిదో క్లాసు నుంచి ఒకే బెంచీ, వాడి సంతకం ఎట్టుంటుందో నేను ఎప్పుడూ చూడలేదు.